ట్యాబా, ఈ-రీడరా? ముందు మనం చదవాల్సిన కాగితాలు లెక్కపెడదాం



పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. ఇది డబ్బు గురించి, అదీ మనోళ్ళు కష్టపడి సంపాదించిన డబ్బు గురించి. ఉద్యోగాల్లో ఉన్న సీనియర్ అన్నలు, అక్కలు తలా కొంత వేసి, హాస్టళ్ళలో ఉండి డిగ్రీ చదువుతున్న మాకు చదువుకోడానికి ఏదన్నా కొనిపెడదామన్నారు. అప్పట్నుంచి గ్రూపు రెండు జట్లయింది. ఒక జట్టు "ఈ-రీడర్ కొనండి, కుర్రాళ్ళు పుస్తకం తప్ప ఇంకోటి చూడలేరు" అంటోంది. ఇంకో జట్టు "ట్యాబ్ కొనండి, అన్నిటికీ పనికొస్తుంది" అంటోంది. రేపు ఆ వస్తువు పట్టుకుని కూర్చునేది మేమే కాబట్టి నా మాట కూడా చెప్తున్నా.

నా ఓటు ట్యాబ్‌కి. "అన్నిటికీ పనికొస్తుంది" అన్న కారణం మాత్రం నాది కాదు. అన్నిటికీ పనికొచ్చేది ఆల్రెడీ మన జేబులో ఉంది, దాని పేరు ఫోను. నా కారణం వేరు. మనం చదవాల్సిన కాగితాలు ఈ-రీడర్‌లో పట్టవు. మన భాష కూడా అందులో సరిగా పట్టదు.

నా సంగతి రెండు ముక్కల్లో. మాది మారేడుమిల్లి వైపు, కొండరెడ్లం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. ఇప్పుడు ఆత్రేయపురంలో హాస్టల్లో ఉంటున్నా. ఆదివారాలు ఒక పూతరేకుల కొట్టులో డబ్బాలు కట్టే పనికి వెళ్తా, రోజుకి 300 ఇస్తారు. అందుకే నాకు ఏ వస్తువు ధర అయినా ఆదివారాల్లోనే కనపడుతుంది. 12 వేల రూపాయల ట్యాబ్ అంటే 40 ఆదివారాలు. ఏడాదికి ఉన్నవే 52. అలాంటి వస్తువుని ఎవరో ఒకరు బాగుందన్నారని కొనేయలేం కదా.

ముందు ఈ-రీడర్‌కి ఇవ్వాల్సిన మర్యాద ఇచ్చేద్దాం. చూడనివాళ్ళ కోసం: కిండిల్ లాంటి వాటి తెర ఫోను తెర లాంటిది కాదు. అందులో కంటికి కనపడనంత చిన్న బుడగలు ఉంటాయి. వాటిలో తెల్ల రేణువులు, నల్ల రేణువులు. కరెంటు ఇటు పెడితే నల్లవి పైకొస్తాయి, అటు పెడితే తెల్లవి. అలా వచ్చిన రేణువులు అక్కడే నిలబడిపోతాయి, పేజీ మారినప్పుడే మళ్ళీ కరెంటు కావాలి. అందుకే రోజుకి అరగంట చదివితే ఆరు వారాల దాకా చార్జింగ్ అక్కర్లేదని కంపెనీ చెప్తుంది. ఎండలో కూర్చున్నా కాగితం మీద చదివినట్టే ఉంటుంది. గాలివాన వస్తే రెండు మూడు రోజులు కరెంటు రాని మన ఊళ్ళకి ఇది చిన్న విషయం కాదు.

నిద్ర సంగతి కూడా ఉంది. 2014లో అమెరికాలో బోస్టన్‌లోని ఒక ఆసుపత్రి వాళ్ళు 12 మందితో ఒక పరీక్ష చేశారు. పడుకునే ముందు కొన్ని రోజులు ఐప్యాడ్ మీద, కొన్ని రోజులు అచ్చు పుస్తకం చదివించారు. ఐప్యాడ్ చదివిన రోజుల్లో నిద్ర పట్టడానికి సుమారు 10 నిమిషాలు ఎక్కువ పట్టింది, పొద్దున్న మగత కూడా ఎక్కువగా ఉంది. పన్నెండు మంది అంటే చిన్న పరీక్షే. అయినా రాత్రి పదకొండింటి దాకా ఫోను చూసేవాడు పొద్దున్న ఎలా లేస్తాడో మన హాస్టళ్ళలో అందరికీ తెలుసు.

కాబట్టి ఈ-రీడర్ మంచి వస్తువు. అందులో అనుమానం లేదు. మంచిదే గానీ ఎవరికి, ఏ పుస్తకాలకి అన్నది చూడాలి.

మొదటి చిక్కు భాష. కిండిల్ 2007 నవంబరులో అమెరికాలో వచ్చింది. మన దేశ భాషల్లో కిండిల్ పుస్తకాలు అని అమెజాన్ మొదలుపెట్టింది 2016 డిసెంబరులో. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం, ఈ ఐదే. తెలుగు ఆ జాబితాలో లేదు. కోట్ల మంది మాట్లాడే తెలుగుకే చోటు దొరకని చోట కోయకీ, సవరకీ, కువికీ, గోండీకీ ఎప్పుడు దొరుకుతుంది? తంటాలు పడి మనమే తెలుగు ఫైళ్ళు ఎక్కించుకోవచ్చు, నిజమే. వికీసోర్సులో పాత తెలుగు పుస్తకాలు కొన్ని అలా దించుకోడానికి వీలుగా ఉన్నాయి కూడా. కానీ ఫస్టియర్లో చేరిన తమ్ముడికి వస్తువు చేతికిచ్చి, "ఇందులో నీ భాష రావాలంటే ముందు ఈ తిప్పలు పడు" అనడం నాకు నచ్చలేదు.

రెండో చిక్కు పేజీ సైజు. అసలు గొడవంతా ఇక్కడే ఉంది. ఈ-రీడర్ నవలల కోసం పుట్టింది. నవల ఫైలులో అక్షరం పెద్దది చేస్తే లైన్లు వాటంతటవే సర్దుకుంటాయి. మరి మనం చదివేవి నవలలా? నా ఫోన్లో ఉన్నవి చూశా. పాత ప్రశ్నపత్రాలు, సీనియర్ల నోట్సు ఫోటోలు, తెలుగు అకాడమీ పుస్తకాల స్కాన్లు, నోటిఫికేషన్లు, జీవోలు. అన్నీ పీడీఎఫ్‌లే. అన్నీ ఏ-ఫోర్ కాగితం సైజు, లేదా దానికి దగ్గర. స్కాన్ చేసిన పేజీ అంటే బొమ్మ కింద లెక్క. దానిలో అక్షరం ఒక్కటే పెద్దది అవ్వదు, బొమ్మ మొత్తం పెద్దదవుతుంది. అప్పుడు లైను చివరికి వెళ్ళాలంటే పక్కకి జరపాలి, మళ్ళీ వెనక్కి జరపాలి. ప్రతి లైనుకీ అంతే.

చిన్న లెక్క చెప్తా. ఏ-ఫోర్ కాగితం మూల నుంచి మూలకి 14 అంగుళాల పైన ఉంటుంది. ఆరు అంగుళాల ఈ-రీడర్ తెర అంటే దానిలో సుమారు ఆరో వంతు. 11 అంగుళాల ట్యాబ్ అయితే సగానికి అటూ ఇటూ. కాగితం మీద 12 పాయింట్లలో కొట్టిన అక్షరం, పేజీ మొత్తం తెర మీద పట్టిస్తే ఆరు అంగుళాల దాంట్లో 5 పాయింట్లకి పడిపోతుంది. 11 అంగుళాల దాంట్లో 8 పాయింట్ల పైనే ఉంటుంది. ఇంగ్లీషు అయితే ఐదులో కూడా కళ్ళు చికిలించి లాగించేస్తాం. తెలుగు అలా కాదు. మనకి పైన గుడులు, కింద ఒత్తులు. ద, ధ తేడా కింద ఒక చిన్న గీత. ప, ఫ తేడా కూడా అంతే. ఆ గీతలు కలిసిపోయాక మనం చదివేది పుస్తకం కాదు, ఊహించుకుంటున్నాం. ఫోనులో చదివినా ఇదే బాధ. అందుకే ఆరు అంగుళాల ఈ-రీడర్ కొంటే మన చేతికి రెండో చిన్న తెర వస్తుంది తప్ప పాత సమస్య తీరదు. పది అంగుళాల ఈ-రీడర్లు కూడా ఉన్నాయి, కిండిల్ స్క్రైబ్ 10.2 అంగుళాలది 2022లో వచ్చింది. దాని ధర మన చందాలకి అందేది కాదు.

ఇప్పుడు పరీక్షలు పక్కన పెట్టి ఇంకో మాట. మన గ్రూపులో ఎక్కువ గొడవలు పడేది దేని మీద? జీవో నంబర్ 3 మీద. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులు నూటికి నూరూ స్థానిక గిరిజనులకే అని 2000 జనవరిలో ఇచ్చిన జీవో అది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. దాని మీద వందల మెసేజీలు పెట్టుకున్నాం. ఆ తీర్పు నూట యాభై పేజీల పైన ఉంటుంది. మనలో చదివినవాళ్ళు ఎంతమంది? నేను ఫోన్లో మొదలుపెట్టి పదో పేజీ దాటలేదు, కళ్ళు లాగేశాయి. 1997 సమత తీర్పు, 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం, 1/70, ఇవన్నీ పీడీఎఫ్‌లే, ఏ-ఫోర్‌లే. మా తాతకి పోడు పట్టా కాగితం వచ్చినప్పుడు అందులో ఏం రాసుందో చదివి చెప్పేవాళ్ళు ఊళ్ళో లేరు. ఆ పని ఇప్పుడు మాది. ఈ కాగితాలు హాయిగా చదవనివ్వని వస్తువు మనకి చదువు వస్తువు ఎలా అవుతుంది?

మన గురించి రాసిన పాత పుస్తకాలదీ ఇదే కథ. గిడుగు రామమూర్తి గారు సవర భాష మీద రాసిన మాన్యువల్ 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. మా కొండరెడ్ల మీద హైమెన్‌డార్ఫ్ రాసిన పుస్తకం 1945లో వచ్చింది. పాపికొండల చుట్టూ మా తాతలు ఎలా బతికారో రాశాడాయన. ఇవి షాపుల్లో అంత సులువుగా దొరకవు. నెట్‌లో దొరికితే పాత పేజీల స్కాన్లే. ఆదిలాబాద్ వైపు గుంజాల ఊళ్ళో దొరికిన గోండీ లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. రేపు ఆ లిపి నేర్పే పాఠాలు వచ్చినా మన చేతికి ముందు చేరేవి బొమ్మలు, వీడియోలే. మన జాతి జ్ఞానం ఇంకా నవల ఫైలు రూపంలోకి రాలేదు. వచ్చేదాకా స్కాన్ పేజీని పూర్తిగా చూపించే తెరే మనకి పుస్తకం.

సరే, ఈ-రీడర్ జట్టు వాళ్ళ గట్టి ప్రశ్నకి వద్దాం. "ట్యాబ్ ఇస్తే రీల్స్ చూస్తారు, గేములు ఆడతారు." చూస్తారు, నిజమే. మా హాస్టల్లో ట్యాబ్ ఉన్న కుర్రాళ్ళు ఇద్దరున్నారు. ఆదివారం రాత్రి ఆ మంచం చుట్టూ ఎనిమిది మంది మూగి సినిమా చూస్తారు. దాచి లాభం లేదు.

అయితే ఈ-రీడర్ ఇస్తే ఈ సమస్య పోతుందా? 2010లో వరల్డ్‌రీడర్ అనే సంస్థ ఆఫ్రికాలోని ఘనాలో బడి పిల్లలకి కిండిల్స్ ఇచ్చింది. పిల్లలు చాలా పుస్తకాలు చదివారు, అది మంచి సంగతి. వాటిలోనే పాటలు, ఇంటర్నెట్ కూడా కనిపెట్టి వాడేసుకున్నారు, అది రెండో సంగతి. మూడోది ఇంకా ముఖ్యం. మొదటి ఏడాదిలోనే ఆ యంత్రాల్లో దాదాపు నలభై శాతం పాడైపోయాయి. ఎక్కువగా తెరలే పోయాయి. ఆ తెర సున్నితం. పూతరేకు పల్చగా ఉంటే అందం, విరిగినా నోట్లో వేసుకోవచ్చు. బ్యాగులో అన్నం డబ్బా కింద నలిగిన ఈ-రీడర్ తెరని ఏం చేసుకుంటాం? ట్యాబ్ కింద పడితే అదీ పగులుతుంది. కానీ ట్యాబ్ తెర వేసే మెకానిక్ రావులపాలెంలోనో, రాజమండ్రిలోనో దొరుకుతాడు.

ఇంకో మాట. ఈ-రీడర్ ఒక్కడి వస్తువు. ఒకడు చదువుతుంటే పక్కవాడికి పని లేదు. మన హాస్టల్ చదువు అలా ఉండదు కదా. ఒకడికి లెక్క అర్థమైతే వాడి చుట్టూ నలుగురు చేరతారు. తెలుగులో లెక్కల క్లాసు వీడియో ఒకటి పెట్టుకుని ఐదుగురు చూడగలిగేది ట్యాబ్‌లోనే.

మూడో ప్రశ్న ఎవరూ అడగలేదు, నేనే అడుగుతున్నా. అందులో పెట్టిన పుస్తకం ఎవరిది? 2022 డిసెంబరు 21న మన రాష్ట్రంలో ఎనిమిదో తరగతి పిల్లలకీ, టీచర్లకీ కలిపి ఐదు లక్షల పైచిలుకు ట్యాబ్‌లు ఇవ్వడం మొదలైంది. 2023లో అదే రోజున రెండో విడత మొదలుపెట్టింది మన ఏజెన్సీలోనే, చింతపల్లిలో. వాటిలో బైజూస్ పాఠాలు నింపి ఇచ్చారు. 2024 జులైలో ఆ బైజూస్ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. నేను ఇక్కడ ఏ పార్టీనీ పొగడట్లేదు, తిట్టట్లేదు. పాఠం ఒక కంపెనీ చేతిలో ఉంటే, ఆ కంపెనీ నడిచినన్నాళ్ళే పాఠానికి భరోసా.

ఈ-రీడర్ దీనికి మినహాయింపు కాదు, పైగా ఇంకా గట్టి ఉదాహరణ. 2009 జులైలో అమెజాన్ వాళ్ళు జార్జ్ ఆర్వెల్ పుస్తకాలు రెండింటిని, జనం డబ్బిచ్చి కొనుక్కున్నవాటిని, వాళ్ళ కిండిల్స్‌లోంచి దూరం నుంచే చెరిపేశారు. హక్కుల గొడవ ఉందన్నారు, తర్వాత క్షమాపణ చెప్పారు. 2025 ఫిబ్రవరి నుంచి, కొన్న పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దించుకుని కేబుల్‌తో కిండిల్‌లోకి ఎక్కించుకునే వీలు కూడా తీసేశారు. భూమి విషయంలో "నీదే, కానీ కాగితం మా దగ్గర ఉంటుంది" అనే మాట మనోళ్ళు తరాలుగా విన్నారు. పుస్తకం విషయంలో కూడా అదే వినాలా? మెమరీ కార్డులో ఉన్న పీడీఎఫ్ మనది. కార్డు తీసి ఇంకో దాంట్లో పెట్టుకోవచ్చు, తమ్ముడికి కాపీ చేసి ఇవ్వొచ్చు, సిగ్నల్ లేని ఊళ్ళో కూడా తెరుచుకుంటుంది.

ఇన్ని చెప్పాక ఊరికే ట్యాబ్ కొనమని అనను. నా ఓటుకి షరతులు ఉన్నాయి.

ఒకటి, తెర 11 అంగుళాలకి దగ్గరగా ఉండాలి. ఎనిమిది అంగుళాలది చవకని కొంటే పైన చెప్పిన లెక్క తలకిందులవుతుంది. 12 నుంచి 15 వేల లోపల ఆ సైజువి దొరుకుతున్నాయి.

రెండు, సిమ్ వేసేది వద్దు, వైఫై ఒక్కటే చాలు. హాస్టల్లో ఎవరో ఒకరి ఫోన్ హాట్‌స్పాట్ పెడితే తప్ప నెట్ రాదు కాబట్టి రీల్స్ దానంతటవే తగ్గుతాయి. పూర్తిగా ఆగవు, తగ్గుతాయి.

మూడు, మెమరీ కార్డు పట్టేది కావాలి. ఇచ్చే ముందే అందులో పుస్తకాలు నింపి ఇవ్వాలి. ఖాళీ ట్యాబ్ ఇస్తే మొదటి రోజే సినిమాలతో నిండిపోతుంది. నిండుగా ఇస్తే కనీసం తెరిచి చూస్తారు.

నాలుగు, మనిషికొకటి వద్దు, గదికొకటి చాలు. చదువు అయిపోయి వెళ్ళేటప్పుడు జూనియర్లకి అప్పజెప్పి వెళ్ళాలి. అప్పుడు అన్నల చందా కూడా నాలుగింతల మందికి సరిపోతుంది.

ఐదు, రాత్రి పది దాటాక అది గది అరలోకి వెళ్ళిపోవాలి. ఈ రూలు వార్డెన్ సార్ పెడితే మేం దారి వెతుకుతాం. మేమే పెట్టుకుంటే నిలబడుతుంది.

ఒప్పుకోవాల్సింది ఒకటి మిగిలింది. ఇంగ్లీషు ఎంఏకి వెళ్ళే అక్కలు, సివిల్స్‌కి ఇంగ్లీషు మీడియంలో కూర్చున్న అన్నలు, రోజూ వంద పేజీలు నవలో చరిత్రో చదివేవాళ్ళు మనలోనూ ఉన్నారు. వాళ్ళకి ఈ-రీడరే సరైనది, ట్యాబ్ ఇస్తే వాళ్ళకే నష్టం. అలాంటివాళ్ళు అడిగితే చందాలోంచి ఒకటో రెండో కొని లైబ్రరీ పుస్తకంలా తిప్పుదాం. అందరికీ అదే కొనమనడం మాత్రం తప్పు. మన సైజు చూడకుండా ఎవరి కొలతకో కుట్టిన చొక్కా తొడిగినట్టు అవుతుంది.

అందుకే పోల్ పెట్టడం కాసేపు ఆపండి. ముందు ఒక పని చేద్దాం. ఈ పోస్టు కింద ప్రతి ఒక్కరూ ఈ సెమిస్టర్‌లో తప్పకుండా చదవాల్సిన ఐదు పుస్తకాలు గానీ కాగితాలు గానీ రాయండి. అది తెలుగా ఇంగ్లీషా, స్కానా మామూలు ఫైలా, అది కూడా రాయండి. ఆ జాబితాలో ఎక్కువ ఇంగ్లీషు నవల ఫైళ్ళే వస్తే నా ఓటు వెనక్కి తీసుకుని ఈ-రీడర్‌కే వేస్తా. తెలుగు స్కాన్లు, జీవోలు, తీర్పులు, ప్రశ్నపత్రాలు ఎక్కువ వస్తే ఈ-రీడర్ జట్టు అన్నలు కూడా ఆ లెక్కకే ఒప్పుకోవాలి.

నా ఐదు నేనే ముందు రాస్తున్నా. అటవీ హక్కుల చట్టం తెలుగు ప్రతి, స్కాన్. జీవో 3 మీద సుప్రీంకోర్టు తీర్పు, ఇంగ్లీషు, ఏ-ఫోర్. ఎకనామిక్స్ తెలుగు మీడియం నోట్సు, సీనియర్ చేత్తో రాసింది, ఫోటోలు. గత ఐదేళ్ళ డిగ్రీ ప్రశ్నపత్రాలు, స్కాన్. కొండరెడ్ల మీద 1945 పుస్తకం, ఇంగ్లీషు, స్కాన్. ఐదుకి ఐదూ పేజీ బొమ్మలే.

ఇక మీవి రాయండి. ఎవరి దగ్గర ఏ ఫైలు ఉందో కూడా చెప్పండి. వస్తువు ఏది కొన్నా అందులో నింపడానికి ఆ ఫైళ్ళే కావాలి.

మీ తమ్ముడు,
ఆత్రేయపురం హాస్టల్ నుంచి.